బెజవాడలో రెండు రోజులు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో చుట్టాలొస్తే ముందు అడిగేది ఇదే: "రెండు రోజులున్నాం, ఏమేం చూడొచ్చు?" మనవాళ్లు ఆగకుండా చెప్పేస్తారు: దుర్గ గుడి, భవానీ ద్వీపం, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి, కొండపల్లి, వీలైతే సూర్యలంక కూడా. పాపం ఆ జాబితా పట్టుకుని బయల్దేరినవాళ్లు రెండో రోజు సాయంత్రానికి కాళ్లు వాచి, ఏ గుహ ఏ ఊళ్లో చూశారో కూడా చెప్పలేని పరిస్థితిలో ఉంటారు. అన్నీ బాగుంటాయి. అన్నీ చూడటం మాత్రం కుదరదు.

ఈ చుట్టుపక్కల చోట్లు ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే: ఎండ, దిక్కు.

ముందు ఎండ. మార్చి నెలాఖరు నుంచి జూన్ మధ్య దాకా పొద్దున పది దాటాక గుడి మెట్ల మీద చెప్పుల్లేని కాలు నిలవదు. మే నెలలో 45 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రోజుల్లో కొండలు, కోటలు తొమ్మిదిలోపు ముగించాలి, లేదంటే వాటి జోలికి పోకూడదు. ఆగస్టు, సెప్టెంబరులో ఎండ నెమ్మదిస్తుంది గానీ కృష్ణకు వరదొస్తే పడవలు ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర నది ఎలా ఉందో టీవీలో అందరం చూశాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఎటు తిరిగినా హాయే.

ఇక దిక్కు. హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం, పవిత్ర సంగమం (గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు), కొండపల్లి, మూలపాడు వస్తాయి. బ్యారేజీ దాటితే ఉండవల్లి, దాని తర్వాత మంగళగిరి, నంబూరు, గుంటూరు. గుంటూరు దాటాక కొండవీడు. పాత అమరావతిది నది వెంబడి వేరే దారి. ఒక రోజుకి ఒక దిక్కే పెట్టుకోండి. పొద్దున కొండపల్లి, మధ్యాహ్నం మంగళగిరి, సాయంత్రం భవానీ ద్వీపం అనుకున్నారంటే రోజంతా బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గరే గడిచిపోతుంది.

బస ఎక్కడ?

మొదటిసారి వచ్చేవాళ్లు విజయవాడలోనే దిగండి. గన్నవరం విమానాశ్రయం, రైల్వే జంక్షన్, నెహ్రూ బస్ స్టేషన్ అన్నీ ఇటే ఉన్నాయి. గుంటూరు 35 కిలోమీటర్లే. రైళ్లు, నాన్‌స్టాప్ బస్సులు కావలసినన్ని ఉన్నాయి. కొండవీడు, సూర్యలంక, ఉప్పలపాడు పక్షులు, మిర్చి యార్డు మీ మనసులో ఉంటే మాత్రం గుంటూరులో దిగడమే మేలు. నగరంలోనైతే కారున్నవాళ్లకి బెంజి సర్కిల్ వైపు కొత్త హోటళ్లు బాగుంటాయి. కారు లేకుండా, రైలు దిగి నడిచి తిరిగే రకం అయితే గాంధీనగర్, గవర్నర్‌పేట తీసుకోండి. గదులు కాస్త పాతబడినా పొద్దున లేస్తే టిఫిన్ హోటల్ పక్కనే ఉంటుంది. నా ఓటు దానికే.

దుర్గమ్మా, పానకాల స్వామా?

ఇంద్రకీలాద్రి ఎక్కకుండా బెజవాడ నుంచి వెళ్లిపోయామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, కాబట్టి అది ఎలాగూ తప్పదు. అయితే శుక్రవారం, ఆదివారం మానుకుని మామూలు రోజున తెల్లవారుజామునే వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మహామండపం వైపు లిఫ్టు ఉంది. దసరాకి రావాలా అని చాలామంది అడుగుతారు. జనసముద్రం చూడటమే సరదా అయితే తప్పకుండా రండి. మూలా నక్షత్రం రోజు అమ్మవారిని సరస్వతీ అలంకారంలో చూడటానికి రాత్రి నుంచే క్యూ కడతారు. విజయదశమి సాయంత్రం హంస వాహనం మీద తెప్పోత్సవం ఉంటుంది. నదిలో వరద ఎక్కువుంటే విహారం ఉండదు. దర్శనం ప్రశాంతంగా కావాలంటే మాత్రం ఆ పది రోజులూ వద్దు. భవానీ దీక్షలు విరమించే రోజుల్లో కూడా ఇదే పరిస్థితి, ఊరంతా ఎర్ర బట్టలే.

మంగళగిరి సంగతి వేరు. కింద లక్ష్మీనరసింహస్వామి, కొండ మీద పానకాల స్వామి, శిఖరాన గండాల స్వామి. పానకాల స్వామికి విగ్రహం ఉండదు, తెరిచిన నోరు ఒకటే ఉంటుంది. అర్చకుడు బెల్లం పానకాన్ని శంఖంతో ఆ నోట్లో పోస్తుంటే గుటగుటమని చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది, ఇక స్వామి తాగడని అర్థం. మిగిలిన సగం మీ చేతికే ప్రసాదంగా ఇస్తారు. రోజూ అంత బెల్లం నీళ్లు ఒలికే చోట ఈగా చీమా కనిపించవని భక్తులు చెబుతారు. వెళ్లినప్పుడు మీరే చూసుకోండి. పిల్లలు ఈ గుడిని మర్చిపోరు. ఒక్కటే జాగ్రత్త: మధ్యాహ్నం మూడు తర్వాత పై గుడి మూసేస్తారు, రాత్రిళ్లు దేవతలు పూజ చేసుకుంటారని నమ్మకం. సాయంత్రం తీరిగ్గా వెళ్దామనుకుంటే కింద గాలిగోపురం చూసి వెనక్కి రావలసిందే. అదీ తక్కువదేం కాదు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807–09 మధ్య కట్టించిన 11 అంతస్తుల గోపురం, 153 అడుగుల ఎత్తు. మెడ నొప్పెట్టే దాకా చూడొచ్చు.

రెండింట్లో ఒక్కటే కుదిరితే? భక్తి ముఖ్యమైతే దుర్గమ్మ. ఊరికి కొత్తవాళ్లు, ముఖ్యంగా పిల్లలతో వచ్చినవాళ్లయితే మంగళగిరి.

గుహల్లో పోటీ లేదు

మొగల్రాజపురం గుహలు నగరం మధ్యలోనే ఉన్నాయి, అక్కన్న మాదన్న గుహలు ఇంద్రకీలాద్రి కిందే ఉన్నాయి. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి అవి అరగంట పని. మిగతావాళ్లు నేరుగా ఉండవల్లి వెళ్లిపోండి. బ్యారేజీ దాటాక కొద్ది దూరమే. నాలుగు అంతస్తులుగా కొండను తొలిచిన గుహాలయం ఇది, విష్ణుకుండినుల కాలం నాటిదని చెబుతారు. కింది అంతస్తు సగంలో వదిలేసినట్టు మొరటుగా ఉంటుంది. అక్కడే ఆగి "ఇంతేనా" అనుకుని తిరిగిపోకండి. పైకెక్కితే దాదాపు ఇరవై అడుగుల అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు, ఒకే రాతిలో చెక్కిన విగ్రహం. లోపల చీకటి, ఫోన్ లైటు వెయ్యకుండా రెండు నిమిషాలు నిలబడండి, కళ్లు అలవాటు పడ్డాక పాదాల నుంచి తల దాకా ఆకారం మెల్లగా తేలుతుంది. బయట వసారా అంచున కూర్చున్న మునులు, సింహాలు. వాళ్లకు ఎదురుగా పొలాలు. మండే ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది కాబట్టి వేసవిలో మధ్యాహ్నానికి పనికొచ్చే అతి కొద్ది చోట్లలో ఇదొకటి. సాయంత్రం ఐదు దాటాక వెళ్లి గేటు దగ్గర గొడవ పడేవాళ్లని చూస్తుంటాం; నాలుగుకల్లా లోపలుండండి.

కొండపల్లా, కొండవీడా?

రెండూ రెడ్డిరాజుల కోటలే, రెండూ కొండల మీదే. కానీ రెండింటికీ వెళ్లాల్సిన మనుషులు వేరు.

కొండపల్లి విజయవాడకి దాదాపు ఇరవై కిలోమీటర్లు. రెడ్డిరాజులు, గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ నవాబులు, చివరికి ఇంగ్లీషువాళ్లు, చేతులు మారని కాలం లేదు. పైకి అడవి మధ్య రోడ్డుంది, కారు పోతుంది. నన్నడిగితే కోట కంటే కింద బొమ్మలు చేసే వీధే అసలు విశేషం. తెల్ల పొణికి అనే తేలిక కర్రను ఎండబెట్టి, వెచ్చబెట్టి తేమ లాగేసి, తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులేస్తారు. సున్నం పూత ఆరాక రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు అన్నీ అరుగు మీదే తయారవుతుంటాయి. ఒక చెయ్యి ఏనుగు తొండం అతికించడానికి ఎంత సేపు తీసుకుంటుందో చూశాక ఎవరికీ బేరమాడటానికి నోరు రాదు. నగరంలో షాపుల్లోనూ ఈ బొమ్మలు దొరుకుతాయి, కానీ కొండపల్లి దాకా వెళ్లి కొనకుండా రావద్దు.

కొండవీడు గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఇప్పుడు పల్నాడు జిల్లా. ఒకప్పుడు రెడ్డిరాజుల రాజధాని. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్న కాలపు కొండ ఇది. 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు, పాత మెట్ల దారి కూడా ఉంది. పైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అంత కొండ మీద ఊరికి సరిపడా నీళ్లెలా నిలబెట్టారా అని ఆలోచిస్తూ బురుజుల వెంబడి గంటలు గంటలు నడవొచ్చు. నడిచే ఓపికున్న కుర్రాళ్లకి, ఫొటోలు తీసే వాళ్లకి కొండవీడు. చిన్నపిల్లలు, అమ్మమ్మలు, షాపింగ్ అంటే కొండపల్లి. కొండవీడుకి నీళ్లు, తినడానికి ఏదైనా కింద నుంచే పట్టుకెళ్లండి. తిరుగు దారిలో ఫిరంగిపురం బాలఏసు చర్చి దగ్గర ఆగొచ్చు, చాలా పెద్ద కట్టడం.

ట్రెక్కింగ్ మాత్రమే కావాలంటే ఈ రెండూ వదిలేసి మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు అడవి దారి పట్టండి. వానలు తగ్గిన కొత్తల్లో బాగుంటుంది. ఎండాకాలం వెళ్తే చిలుకలూ ఉండవు, ఆకులూ ఉండవు.

అమరావతి అంటే ఏ అమరావతి?

ఈ ఒక్క విషయంలో చాలా కార్లు దారి తప్పుతున్నాయి. సచివాలయం ఉన్న వెలగపూడి, తుళ్లూరు వైపు రాజధాని ప్రాంతం ఒకటి. అమరేశ్వరస్వామి గుడి, స్తూపం ఉన్న పాత ఊరు ఇంకొకటి. మ్యాపులో ఊరికే "అమరావతి" అని కొడితే ఎక్కడ తేలతారో చెప్పలేం. గుడి పేరు కొట్టండి. పంచారామాల్లో ఒకటైన ఆ గుళ్లో శివలింగం ఎంత ఎత్తంటే అర్చకులు పైకెక్కి అభిషేకం చేస్తారు. స్తూపం దగ్గరకొస్తే చాలామంది నీరసపడతారు, మట్టిదిబ్బ చుట్టూ కొన్ని పలకలు తప్ప ఏమీ లేదని. నిజమే, అసలు శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందుకని ముందు పక్కనే ఉన్న మ్యూజియం చూసి తర్వాత దిబ్బ చుట్టూ తిరగండి, అప్పుడు ఏది ఎక్కడుండేదో అర్థమవుతుంది. శుక్రవారం మ్యూజియం సెలవు. 125 అడుగుల ధ్యాన బుద్ధుడు ఎలాగూ దూరం నుంచే కనిపిస్తాడు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే సగం రోజు పెట్టండి. లేకపోతే అమరావతి వదిలేసినా పెద్దగా పోయేదేమీ లేదు.

నీళ్ల మీద సరదా

భవానీ ద్వీపం 133 ఎకరాలు, బెరం పార్కు నుంచి పడవలో వెళ్తారు. పిల్లలున్న కుటుంబానికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా సరిపోయే చోటు. సాహసం అనే మాట మాత్రం దీనికి కాస్త పెద్దదే. స్పీడ్ బోటులో ఒక రౌండు వేసి, తిరుగు పడవలో పొద్దుగూకేటప్పుడు బ్యారేజీ గేట్ల వైపు చూడటమే దీని అందం. సముద్రమే కావాలనుకుంటే రెండు దార్లున్నాయి. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక, విజయవాడ నుంచి బందరు మీదుగా మంగినపూడి. సూర్యలంక ఇసుక పొడుగ్గా, శుభ్రంగా ఉంటుంది, అలలకు బలమెక్కువ. మంగినపూడిలో లోతు తక్కువ, చిన్నపిల్లలకు అదే నయం. ఆదివారం సూర్యలంకలో జనం తప్ప సముద్రం కనబడదు. 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీ ప్లేన్ ట్రయల్ జరిగింది. దాని వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. దానికి అనుమతి లేదు. నది మీద ఎవరు ఎంత చవగ్గా తిప్పుతామన్నా లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు, పిల్లలకి సైజు సరిపోయే జాకెట్ అడిగి వేయించండి. పవిత్ర సంగమం హారతి ఒడ్డు నుంచి కూడా చక్కగా కనిపిస్తుంది.

టిఫిన్ బెజవాడలో, భోజనం గుంటూరులో

ఇది నా పక్షపాతమే అనుకోండి, మార్చుకోను. బెజవాడ పొద్దుటి ఊరు. గాంధీనగర్‌లో 1940ల నాటి బాబాయ్ హోటల్లో వేడి ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తే, అది కరిగి కారప్పొడితో కలిసే దాకా ఆగడం కష్టం. పెద్ద హోటల్ బఫేలో బ్రేక్‌ఫాస్ట్ గదితోపాటు వచ్చినా సరే, ఒక పూట దాన్ని వదులుకుని బయటికి రండి. పెసరట్టు ఉప్మా తింటే అల్లం పచ్చడి ఉన్నచోటే తినండి. కొబ్బరి చట్నీతో ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ. సాయంత్రమైతే బండి మీద పునుగులు. నూనెలోంచి తీసిన వాయ మీ ఎదురుగా ప్లేట్లో పడాలి, గాజు పెట్టెలోవి వద్దు.

గుంటూరు వేళ మధ్యాహ్నం. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి, పక్కన ఉల్లిపాయ ముక్క, చివర్లో పెరుగన్నంలో ఊరమిరపకాయ. శంకర్ విలాస్ సెంటర్ అని ఊరికే అంటారా, హోటల్ పేరే కూడలికి పెట్టుకున్న ఊరది. మాంసాహారులైతే గోంగూర మటన్, నాటుకోడి పులుసు అడగండి. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ దమ్ బిర్యానీ కోసం వెతకడం డబ్బు దండగ. సాయంత్రం మిరపకాయ బజ్జీ ఎలాగూ ఉంది. మిరపకాయకు గాటు పెట్టి, వాము, చింతపండు ముద్ద కూరి, పిండిలో ముంచి ఒకసారి దోరగా వేయించి పక్కన పెడతాడు. మీరడిగాక ముక్కలు కోసి మళ్లీ నూనెలో వేస్తాడు. ఉల్లిపాయ, నిమ్మరసం పైనుంచి.

కారం భయం ఉన్నవాళ్లకి ఒక చిట్కా. "కారం తక్కువ వెయ్యండి" అంటే కూరలో తగ్గిస్తారేమో గానీ పచ్చళ్లు ముందే కలిపి ఉంటాయి. పెరుగు భోజనం మొదట్లోనే తెప్పించుకుని దగ్గర పెట్టుకోండి. కుతూహలం ఉంటే సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, మిర్చి యార్డు చూడండి. తేజ, సన్నం, బ్యాడిగి రకాలు టిక్కీల (బస్తాల) కొద్దీ ఎర్రగా పేరుస్తారు. ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు లోపలికి వద్దు. మిగతావాళ్లకీ మాస్కు తప్పనిసరి, అయినా తుమ్ములు తప్పవు.

సగం పూట మిగిలితే

అన్ని మతాల, అన్ని ప్రాంతాల మనుషులు కలిసి బతికే ఊరు చూడాలనుకుంటే మాల్స్ కంటే విజయవాడ వన్‌టౌన్ నయం. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ మార్వాడీ దుకాణాలు, పంజా సెంటర్ వైపు మసీదులు, రంజాన్ నెలలో రాత్రి పొద్దుపోయే దాకా సందడి. కారు వేసుకుని వెళ్లొద్దు, ఆటోలో వెళ్లి నడవండి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు అయితే గుణదల మేరీమాత ఉత్సవాలు. కొండకు వచ్చేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు, తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లతో సహా. గుంటూరులో ఈ చరిత్ర ఇంకోరకం: 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ వచ్చి దిగిన ఊరది, 1885 నాటి ఆంధ్రా క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ ఆ పరంపరలోదే. అక్కడే రోడ్డు మధ్యలో జిన్నా టవర్, ఇప్పుడు మూడు రంగుల జెండా రంగుల్లో.

వాన పడినా, ఎండ మండినా విజయవాడ బందరు రోడ్డు మీద చిత్రకారుడు బాపు పేరిట బాపు మ్యూజియం ఉంది. 1921లో గాంధీజీకి పింగళి వెంకయ్య జెండా నమూనా చూపించింది ఈ ఊళ్లోనే. అదే రోడ్డులో స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం, 81 అడుగుల పీఠం మీద 125 అడుగులు. అది దీపాలు వెలిగాక చూడాలి. గాంధీ కొండ మీద చిన్న రైలు పిల్లలకి సరదా, పెద్దలకి నగరం కనిపిస్తుంది, అంతకంటే ఆశించకండి.

కొనుక్కెళ్లేవి

మంగళగిరి చేనేత కావాలంటే మంగళగిరిలోనే, నిజాం అంచు చీర అని అడిగి, మగ్గం మీద నేసిందా పవర్‌లూమా అని మొహమాటం లేకుండా కనుక్కుని కొనండి. బీసెంట్ రోడ్డు బేరాలకి మంచిదే గానీ చేనేతకి కాదు. గోంగూర, పండుమిరప పచ్చళ్లు వెళ్లే రోజే తీసుకుని, మూత మీద టేపు చుట్టించి, విమానమైతే చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టండి. చేతి సంచిలో ఉంటే గన్నవరంలో సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు.